బడి చేసే అప్పగింతలు

పోయిన ఏడాది, అంటే 2025 ఫిబ్రవరిలో, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. నేనేమీ పెద్ద ఉద్యోగస్తురాల్ని కాదు. డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునేదాన్ని. అదే బళ్ళో పదో తరగతి దాకా చదివాను కాబట్టి ‘మన బడి పిల్లే గదా’ అని పిలిచారనుకోండి. బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని, రెండ్రోజుల ముందునుంచే ఉపన్యాసం రాసుకుని మరీ వెళ్ళాను.

చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో మాదీ ఒకటి. ఫిబ్రవరి అంటే మాకు చేలన్నీ ఎర్రగా పండి ఉండే కాలం. షామియానా కింద కూర్చుంటే గాలిలో ఘాటు తగులుతూనే ఉంది. సభ మొదలెట్టే ముందు హెడ్మాస్టరుగారు మైకు అందుకుని, ప్రార్థన గీతం పాడాల్సిన పదో తరగతి అమ్మాయి ఇవాళ రాలేదనీ, ఆ పాట ఏడో తరగతి పిల్లలు పాడతారనీ చెప్పారు. పాపం ఆ పిల్లలు తడబడుతూనే పాడారు. తర్వాత నేను లేచి ఆడపిల్లల చదువు గురించి పావుగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఒక జ్ఞాపిక చేతిలో పెట్టారు.

సాయంత్రం ఆ శాలువాతోనే మా కల్లం దగ్గరికి వెళ్ళాను. కోతకెళ్ళిన ఆడవాళ్ళు అప్పుడే తిరిగొస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, తలకి గుడ్డలు. వాళ్ళల్లో నా చిన్నప్పటి స్నేహితురాలు ఉంది. పదో తరగతిలో ఒకే బెంచీ మాది. ఆమె వెనకాలే ఆమె చిన్న కూతురు, పదో తరగతి పిల్ల, కాయలు నింపిన సంచి దించుతోంది.

“ఏమ్మా, ఇవాళ స్కూల్లో ఫంక్షన్ గదా, రాలేదేం?” అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. తల్లే జవాబు చెప్పింది. “రాత్రి అన్నయ్యే గదే ఫోన్ చేసింది! మనుషులు చాలట్లేదు, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ తీసుకురమ్మన్నాడు. దీన్నీ లాక్కొచ్చాను. ప్రార్థన పాట పాడాలని నెల్రోజుల్నుంచీ సాధన చేస్తోంది. పొద్దున ఒకటే ఏడుపు.”

అన్నయ్య అంటే మా ఆయనే. నేను వేదిక మీద ఆడపిల్ల చదువు గురించి మాట్లాడుతున్నంత సేపూ, పాట పాడాల్సిన పిల్ల మా చేలోనే కాయ కోస్తోంది. ఆ శాలువా ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. “నాకేం తెలుసు ఇవాళ స్కూలు పండగని! నువ్వెళ్తున్నావని తెలుసు గానీ, ఆ పిల్ల పాడాలని ఎవరు చెప్పారు?” అన్నారు. ఆయన తప్పు అని నేను అనను. ఆ నెలలో మిర్చి ధర ఎలా పడిపోయిందో గుంటూరు యార్డుకి టిక్కీలు తోలిన ప్రతి ఇంటికీ తెలుసు. చివరికి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. కాయ పండి నిలబడి ఉంటే, కోత కూలీ మీదపడుతుంటే, రైతు ఇంట్లో మగవాడికి బడి పండగ గుర్తుంటుందా? అయితే మరి ఎవరికి గుర్తుండాలి? నాకు గుర్తుండాలి. నాకు గుర్తున్నదల్లా నా ఉపన్యాసం.

ఒక్కసారి రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. పత్తి తీతలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై సంక్రాంతి దాటేదాకా సాగుతాయి. ఆ వెంటనే మిరప కోతలు, కల్లాల్లో ఆరబోతలు, తాలుకాయ ఏరడాలు ఏప్రిల్ దాకా. బడి క్యాలెండరు చూడండి. ఆటల పోటీలు, వార్షికోత్సవం, గ్రూపు ఫోటో, పదో తరగతి పిల్లలకి వీడ్కోలు సభ, మార్చి మధ్యలో పరీక్షలు. ఏడాదంతా చదివిన పిల్లకి బడి ఇచ్చే సంతోషాలన్నీ ఏ నెలల్లో ఉన్నాయో, ఆ పిల్ల చేతులతో చేలకి పని పడేదీ ఆ నెలల్లోనే. కోతలకని ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుంచి కుటుంబాలకి కుటుంబాలే మా ఊళ్ళకి వలసొస్తాయి. వాళ్ళ పిల్లలకి అక్కడి బడి పండగా లేదు, ఇక్కడి బడి పండగా లేదు. ఊళ్ళో ఉండిపోయే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు గానీ, తల్లి వెంట వచ్చేసే పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు.

‘ఒక్క పూట డాన్సులూ పాటలూ పోతే చదువేం పోతుంది?’ అనేవాళ్ళున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నదాన్నే. పట్నం స్కూళ్ళ వార్షికోత్సవాలు చూస్తే అలా అనిపించడంలో వింత కూడా లేదు. మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూల్లో ఒక్క డాన్సుకి డ్రెస్సు అద్దె, మేకప్పు కలిపి పద్దెనిమిది వందలు కట్టమన్నారు. పెద్ద ఫంక్షన్ హాలు, కళ్ళు జిగేల్మనే లైట్లు, సినిమా పాటలు. డబ్బు కట్టిన పిల్లలు స్టేజీ మీద, కట్టలేనివాళ్ళు కుర్చీల్లో. అది వార్షికోత్సవం కాదు, వచ్చే ఏడాది అడ్మిషన్లకి ప్రకటన. ఆ ఖర్చు దండగ అంటే నేనూ ఒప్పుకుంటాను.

పల్లెటూరి సర్కారు బడి సంగతి వేరు. అక్కడ ఆడపిల్లకి తన పేరు మైకులో వినపడే రోజు ఏడాదికి అదొక్కటే. ఇంట్లో ఆ పిల్లని ‘ఏమేవ్’ అనీ, ‘ఒసేవ్’ అనీ పిలుస్తారు. చేలో కూలీల లెక్కలో ఒక అంకె. బళ్ళో మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చదివి, వేదిక మీదికి రమ్మంటారు. ఊరంతా చూస్తుంది. తండ్రి చూస్తాడు. ‘మన పిల్లలో ఇంతుందా’ అని ఆయన అనుకునే క్షణం అదే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ మాట రాదు.

ఇక వీడ్కోలు సభ గురించి చెప్పాలి. ఆ సాయంత్రం మా కల్లంలో ఆ పిల్ల ఇంకో మాట అంది. తల్లి అటు తిరగ్గానే, నెమ్మదిగా, “పిన్నీ, వచ్చే వారం మాకు ఫేర్‌వెల్. అందరూ చీరలు కట్టుకుంటున్నారు. మీ దగ్గరేదన్నా పాత పట్టుచీర ఉంటే ఒక్క పూటకి ఇస్తారా? జాగ్రత్తగా తెచ్చిస్తాను” అంది.

ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా. ఆకుపచ్చ పట్టుచీరలో ఆ పిల్ల ముచ్చటగా ఉంది. కానీ ఆ చీర మడత విప్పుతుంటే నాకు మా వీడ్కోలు సభ గుర్తొచ్చింది. అది 2003. కాయితం ప్లేట్లో మిక్చరు, ఒక లడ్డూ, గ్లాసుడు రస్నా. ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో రాతలు. నా బెంచీ స్నేహితురాలు వాళ్ళమ్మ పెళ్ళిచీర కట్టుకొచ్చింది. అందరికంటే బాగుంది. ఆ సాయంత్రం చీరలోనే ఇంటికి నడిచి వెళ్తుంటే, అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఒకామె, “అబ్బో, పిల్ల పెళ్ళీడుకొచ్చిందే” అంది. వేసవిలో పెళ్ళి చేసేశారు. మా ఇంటికి శుభలేఖ వచ్చింది. నేను వెళ్ళి, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాను. అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండాలన్న నియమం 1978 నుంచీ ఉందన్న సంగతి నాకు గానీ, మా ఇంట్లో పెద్దవాళ్ళకి గానీ తట్టనే లేదు. మా ఇద్దరికీ పదో తరగతిలో మార్కులు ఇంచుమించు సమానమే. నన్ను పేటలో ఇంటర్‌లో చేర్చారు, ఆమెని అత్తారింటికి పంపారు. ఇవాళ నేను వేదిక మీద ఉన్నాను, ఆమె మా చేలో ఉంది. మా ఇద్దరి మధ్యా తేడా తెలివితేటల్లో లేదు, ఆ ఒక్క వేసవిలో ఉంది. ఆమె పెద్ద కూతురికీ పదో తరగతి అవగానే పెళ్ళయింది. ఇప్పుడు చిన్న కూతురు పట్టుచీర అడుగుతోంది.

చీర కట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ సరదా నాకూ తెలుసు. కానీ మనం ఆ సభకి పెట్టుకున్న పేరు చూడండి – వీడ్కోలు. మగపిల్లాడికి అది బడికి వీడ్కోలు. వాడు కాలేజీకో, ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో పోతాడు. చాలామంది ఆడపిల్లలకి అది చదువుకే వీడ్కోలు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని తేలింది. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురు. దేశం మొత్తం మీద సగటు 23.3 శాతం. చదువుల రాష్ట్రమని చెప్పుకుంటూ మనం దేశం సగటు కన్నా వెనకబడి ఉన్నాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ దాకా పిల్లని బళ్ళో ఉంచమంటుంది. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చెయ్యొద్దంటుంది. ఆ మధ్యలో పిల్ల ఎక్కడుండాలో మాత్రం గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. పదో తరగతి అయ్యేసరికి పిల్లకి పదిహేనో, పదహారో. ఇంటర్ రెండేళ్ళు చదివితే పద్దెనిమిది దగ్గరికొస్తుంది. కాలేజీకి పోయే పిల్లని ‘చదువుకుంటోందండీ’ అంటారు. ఇంట్లో ఉన్న పిల్లని ‘ఖాళీగా ఉంది’ అంటారు. ఖాళీగా ఉన్న పిల్లకే సంబంధాలొస్తాయి. అందుకే ఆ రెండేళ్ళు ఆడపిల్లకి చదువే కాదు, కాపలా కూడా.

మన పెళ్ళిళ్ళలో అప్పగింతలని ఒక ఘట్టం ఉంటుంది. పిల్లని ఊరికే పంపెయ్యరు. పేరుపేరునా చెప్పి, చేతిలో చెయ్యి పెట్టి, ‘ఇక మీ పిల్ల’ అని పాలల్లో చెయ్యి ముంచి ఒప్పజెపుతారు. రేపు ఏమన్నా జరిగితే అడిగే హక్కు ఉండాలని, నలుగురి మధ్యా చేస్తారు. మరి పదేళ్ళు చదువు చెప్పిన బడి, పిల్లని మిక్చరూ లడ్డూ ఇచ్చి గేటు బయట వదిలేస్తే ఎట్లా? బడి కూడా అప్పగింతలు చెయ్యాలి. వీడ్కోలు సభని అప్పగింతల సభ చెయ్యమంటాను నేను.

ఎట్లా అంటారా? ఆ రోజు తల్లుల్ని తప్పకుండా పిలవాలి. మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ నుంచి ఒక లెక్చరర్‌ని పిలవాలి. ఆ బళ్ళోనే చదివి ఇప్పుడు డిగ్రీయో, నర్సింగో చదువుతున్న అమ్మాయిని ముఖ్య అతిథిగా పిలవాలి, నాలాంటిదాన్ని కాదు. పదో తరగతి పిల్లలందర్నీ ఒక్కొక్కర్నే వేదిక మీదికి పిలిచి, పూర్తి పేరు చదివి, ‘ఈ అమ్మాయి జూన్‌లో ఫలానా చోట చేరుతుంది’ అని తల్లి ముందు, ఊరి ముందు చెప్పించాలి. ఎక్కడ చేరాలో తేలని పిల్లల పేర్లు హెడ్మాస్టరుగారు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకాన్ని జూన్‌లో మళ్ళీ తెరవాలి.

‘ఒక్క సభతో పెళ్ళిళ్ళు ఆగుతాయా?’ అని మీరు అడగొచ్చు. ఆగవు. పేదరికం ఉంది, కట్నం పెరుగుతుందన్న బెంగ ఉంది, దారిలో ఆకతాయిల భయం ఉంది. కానీ పల్లెటూళ్ళలో నలుగురిలో అన్న మాటకి విలువ ఉంటుంది. అందుకే గదా తాంబూలాలు నలుగుర్ని పిలిచి మార్చుకుంటాం! పెళ్ళి మాటని నలుగురిలో ఖాయం చేసుకునే మనం, చదువు మాటని కూడా అలాగే ఖాయం చేసుకోలేమా?

దారిఖర్చులంటారా, ఆ సాకు ఇప్పుడు చెల్లదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం డబ్బు ఇంటర్ చదివే పిల్లలకీ వర్తిస్తుంది. ఇంటికి దూరంగా ఉంచడానికి ఇష్టపడితే, ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఇవన్నీ చదువుకున్న మనకి తెలుసు. కల్లంలో తాలుకాయ ఏరే తల్లికి ఎవరు చెప్పాలి? ఆ సభలోనే చెప్పాలి.

వార్షికోత్సవం తేదీ పెట్టేటప్పుడు కూడా తల్లుల్ని అడగాలి. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాలి. సంతకాలకే కాకుండా, ‘ఏ రోజైతే మీ పిల్లలు రాగలరు?’ అని అడగడానికి కూడా ఆ కమిటీ పనికిరావాలి. సాయంత్రం ఆరింటికి పెడితే కోతకెళ్ళిన తల్లి కూడా కాళ్ళు కడుక్కుని వస్తుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా సర్కారు బళ్ళలో తల్లిదండ్రుల సమావేశం పెడితే, తల్లులు ముగ్గుల పోటీల్లో ఎంత హుషారుగా కూర్చున్నారో చూశాం. పిలిస్తే రానిదెవరు?

డబ్బు లేదనే మాట మాత్రం మా వైపు చెల్లదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కడతారు మా ఊళ్ళ వాళ్ళు. దానికి రంగురంగుల విద్యుత్ దీపాలు, మైకులు, ఊరంతా చందాలు. కొండయ్య మీద భక్తి నాకూ ఉంది. ప్రభ కట్టొద్దని నేను అనను. అంత పెద్ద ప్రభని నిలబెట్టగలిగిన ఊరు, ఏడాదికొక్కసారి బడి పిల్లలకి ఒక షామియానా, నాలుగు పుస్తకాల బహుమతులు ఇవ్వలేదా అని మాత్రం అడుగుతాను. డ్రెస్సుల అద్దెలూ అక్కర్లేదు. యూనిఫారంలోనే పాడనివ్వండి, ఆడనివ్వండి. ఎవరూ మిగలకుండా ప్రతి పిల్లా ఒక్కసారైనా వేదిక ఎక్కితే చాలు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు, లక్ష్మీనారాయణగారు గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టింది 1922లో. వందేళ్ళు దాటింది. అంత వెనక ఆ దంపతులు ఆడపిల్లకి చదువుతోనే నిలవనీడ అని నమ్మారు. వందేళ్ళ తర్వాత మనం ఒక సభ తేదీ మార్చుకోలేమా?

ఆ పిల్ల సంగతి అడుగుతున్నారు కదూ! పరీక్షలు రాసింది, పాసైంది. మే నెలలో వాళ్ళింట్లో సంబంధాల మాట వచ్చింది. నేను మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి నా స్నేహితురాలు, “నువ్వు చదువుకున్నావు గాబట్టి చెబుతున్నావు. రేపు దారిలో ఏదన్నా జరిగితే ఎవరు చూస్తారు?” అంది. ఆ మాటకి నా దగ్గర ఉపన్యాసం లేదు. మా అమ్మాయిని ఎక్కించే బస్సులోనే రోజూ ఆ పిల్లనీ ఎక్కిస్తానన్నాను. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆమెతో పదో తరగతి చదివిన ఇద్దరు అమ్మాయిలు మాత్రం చేరలేదు. వాళ్ళ గురించి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే 1098కి ఫోన్ చెయ్యొచ్చన్న సంగతి ఈసారి మర్చిపోను. అక్షింతలు చేతిలోకి తీసుకునే ముందే పిల్ల వయసు అడుగుతాను.

ఈ ఏడు బడి వార్షికోత్సవం తేదీ ఇంకా పెట్టలేదు. పెట్టగానే ముందు నాకు చెప్పమని హెడ్మాస్టరుగారికి చెప్పి వచ్చాను, అతిథిగా రావడానికి కాదు. మా ఆయనతో కూడా మాట్లాడాను. కాసేపు ఆలోచించి, “ఒక్క రోజు ఆగితే కాయేమీ రాలిపోదులే” అన్నారు.

ఆ రోజు మా చేలో కోత లేదు. మీ చేలో?